తువ్వాలు కింద ఆరిన లంగా

అమ్మా,

ఆదివారం నీ జ్ఞాపకార్థ కూడిక. అందరూ వచ్చేలోపు నీకో సంగతి చెప్పాలి.

నాకు నెలసరి ఆగి రెండేళ్ళు దాటింది. కొన్నాళ్ళుగా పసుపుపచ్చగా తడి, మంట. ఈమధ్య లంగా మీద గులాబీ రంగు మరక కనిపించింది. రాయ్‌పూర్ ఎండలకి వేడి చేసిందనుకున్నాను. నీలాగే సబ్జా నీళ్ళు తాగి, నీలాగే లంగా ఉతుక్కుని తువ్వాలు కింద ఆరేశాను. నువ్వలా ఆరేస్తే అది నీ మర్యాద అనుకున్నాం. నీకు గర్భసంచిలో క్యాన్సరని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

నీ మనవరాలు తువ్వాలు తీసి చూసింది.

"మమ్మీ, అమ్మమ్మ కూడా ఇలాగే ఛుపాకే, ఎవరికీ కనపడకుండా ఆరేసేది కదా. చలో, డాక్టర్ దగ్గరికి."

నెలసరి ఆగాక చిన్న మరక కనిపించినా వెంటనే చూపించుకోవాలని శంకర్ నగర్ డాక్టరమ్మ కసిరింది. గర్భసంచి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు. వయసుకి లోపలి పొర పల్చబడి పొడిబారిందట, క్రీమ్ రాసిచ్చింది. వేడి కాదమ్మా అది. నీకూ వేడి కాదు.

సంతోషించే ఓపిక కూడా లేదు నాకు. పొద్దున లంగా ఉతికి ఎండలో ఆరేశాను. తువ్వాలు దాని పక్కనే, వేరుగా ఆరుతోంది.