మీనా చోటు

కోడలు సరోజకు మామ భీమ్లా రాసేది. కోదాడలో నేనూ నీ బిడ్డ మీనా బాగానే ఉన్నాం. నిన్న బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఒక్క పాయింటుతో ఓడాం. పక్కన జట్టులోని సౌమ్య ఖాళీగా ఉన్నా మీనా బంతి ఇవ్వలేదని చివర్లో దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను.

"తాతా, నీ వల్లనే ఓడినం" అన్నది.

"ఓడితే ఓడినం. ఒక్కదానివే ఆడుతవా?" అన్నాను.

ముప్పై ఏళ్లుగా కోచ్‌ని, మళ్లీ అయినా అదే చేస్తాను.

నాకు బోర్డు మీద గీసి చెప్పడం రాదు కదా, ఆడే ఐదుగురికీ ఐదు చింతగింజలు నేల మీద పెట్టి ఆట చెబుతాను. ఈ పొద్దున మీనా తన గింజ తీసుకొని వెళ్లిపోయింది.

బర్రె ఈనిందా? నా మోకాళ్ల నూనె మిర్యాలగూడ బస్సులో పంపు. ఇంట్లో అందరికీ దీవెనలు.

వచ్చే ఆదివారం సూర్యాపేటలో మ్యాచ్. మీనా చోట వేరే గింజ పెట్టలేదు, నాలుగింటితోనే చెబుతున్నాను. ఈ మాట నువ్వే దానికి ఫోన్ చేసి చెప్పు. నేను చెప్పను.