రూపాయల్లో కట్టిన మౌత్‌పీస్

మార్చి 4
దొరికింది! మావయ్యగారి క్లారినెట్‌కి సరిపోయే మౌత్‌పీస్. జర్మనీలో ఏదో ఆన్‌లైన్ షాపు. మూడేళ్ళ కిందట పాతది పగిలింది. అమలాపురంలో లేదు, రాజమండ్రిలో కొన్నది పెడితే బాతు అరిచినట్టు ఉంది. అత్తయ్యగారిని సమాధి చేసిన రోజున కూడా వాయించలేకపోయారాయన. ఈ ఈస్టర్ తెల్లవారుజామునైనా ఆవిడ సమాధి దగ్గర వాయించాలని ఆయనకి ఉంది. నోరు తెరిచి అడగరు. క్లారినెట్ పెట్టె మాత్రం రోజూ తుడుస్తారు.

మార్చి 5
ఆర్డర్ పెట్టేశాను. యూరోల్లో కడతారా, రూపాయల్లోనా అని అడిగింది. మన రూపాయలుండగా వాళ్ళ యూరోలెందుకు — రూపాయలే నొక్కాను. సైన్సు టీచర్ని మరి!

మార్చి 7
నా తెలివి తెల్లారినట్టే ఉంది. బ్యాంకు ఇంకో నాలుగు వందల నాలుగు రూపాయలు లాగేసింది. ఫోన్ చేస్తే... "షాపు విదేశంలో ఉంది కదండీ, రూపాయల్లో కట్టినా మా ఛార్జీ తప్పదండీ." పైగా రూపాయల రేటు షాపువాళ్ళు వాళ్ళకి నచ్చినట్టు వేసుకుంటారట. యూరోలు నొక్కి ఉంటే ఒక్క దెబ్బతో పోయేది. రెండు దెబ్బలూ తిన్నాను.

మార్చి 8
మావయ్యగారికి చెప్పొద్దనుకున్నాం. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మావయ్యగారు వినగానే —
"మనం వెయ్యి కొబ్బరికాయలు అమ్మితే పైన కొసరు వేస్తాం కదమ్మా? వీళ్ళేంటి, కొన్నవాళ్ళ దగ్గరే పట్టుకెళ్ళేరు? ఆ షాపాయనకి రాయి. మర్యాదగా అడిగితే ఎవరైనా ఇస్తారు."
రాశాను. కొసరు అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించడానికి అరపేజీ పట్టింది. సిగ్గుతో చచ్చాను.

మార్చి 11
జవాబు! ఆ ఛార్జీ మాది కాదు, మీ బ్యాంకుది అట. కింద ఇంకో వాక్యం — మీ మావగారి కోసం మౌత్‌పీస్‌కి బిగించే రీడ్లు రెండు ఊరికే పెడుతున్నాం.
"చూసేవా? అడిగితే పోయేదేముంది!"
ఇంటికి వచ్చినవాళ్ళందరికీ మావయ్యగారు చెబుతున్నారు. ఎంత సంతోషంగా ఉందో నాకు. నాలుగొందలూ మర్చిపోయాను.

మార్చి 27
పార్సెల్ వచ్చింది. దాని మీద మళ్ళీ సుంకం. కట్టేసి, రసీదు మావయ్యగారికి కనపడకుండా దాచేశాను.

ఏప్రిల్ 4, శనివారం
సాయంత్రం మావయ్యగారు కొబ్బరితోటలో రేపటి ఈస్టర్ పాట వాయించి చూసుకున్నారు. మొదటి చరణం... గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పులుసు అడుగంటింది. రెండో చరణానికి ఆయనకి ఊపిరి అందలేదు. మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు.
లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి —
"రేపు మొదటి చరణం నేను వాయిస్తాను. రెండోది నువ్వు పాడతావా అమ్మా? మీ అత్తయ్యకి నీ గొంతంటే ఇష్టం."
పెళ్ళయి పదకొండేళ్ళు. చర్చిలో పెదవులు కదపడమే తప్ప గొంతు బయట పెట్టింది లేదు. అత్తయ్యగారు ఎప్పుడు విన్నారు? గిన్నెలు తోముకుంటూ పాడుకున్నప్పుడా? ఒక్కసారైనా నాతో అనలేదే.
"ఆయ్, పాడతానండీ" అన్నాను.
నాలుగింటికల్లా లేవాలి. ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. రెండో చరణం మూడుసార్లు పాడుకున్నాను, మూడుసార్లూ మధ్యలో ఏడుపొచ్చింది...