సబ్బు కలపని లేపనం

ఫలక్‌నుమా, ఆదివారం

అక్కా,

నేను కులాసా. ఫోనులో అయితే నీ మాటలకు నా కోపం చల్లబడిపోతుందని కార్డు రాస్తున్నాను.

ఇక్కడి లేపనాల కార్ఖానాలో సబ్బు లేకుండానే నూనెనూ నీళ్లనూ కలిపానని చెప్పాను కదా. ఒళ్లంతా సన్నటి రంధ్రాలున్న సిలికా పొడి వేశాను. ఆ రేణువులు ఒక్కో నూనె చుక్క చుట్టూ గోడలా నిలబడి, చుక్కల్ని మళ్లీ ఒకటి కానివ్వవు. ప్యాకింగ్‌లో పనిచేసే ఫర్హీన్ చేతులకు సబ్బు పడదు, ఆమె కోసమే మొదలుపెట్టాను.

నేను సెలవులో ఉండగా పొడి అయిపోయిందని యజమాని ఫణికుమార్ సబ్బే కలిపించాడు. డబ్బాల మీద మాత్రం "సబ్బు లేనిది" అన్న కాగితమే అంటించాడు. ఫర్హీన్ పూసుకుంది, చేతులు బొబ్బలెక్కాయి. "నువ్వు చేసిందే అనుకున్న ప్రియక్కా," అంది.

నిలదీస్తే వాడు, "చూడనీకి ఒక్క తీరుగనే ఉంది కదా, గింతదానికి లొల్లి ఏంది?" అన్నాడు. సరుకెక్కిన ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. ఫర్హీన్ కట్లు కట్టిన చేతులతో వచ్చి నా పక్కన నిలబడింది. తర్వాత ప్యాకింగ్ ఆడవాళ్లంతా వచ్చారు. సరుకు దించక తప్పలేదు వాడికి. నన్ను మాత్రం పని మానెయ్యమన్నాడు, మానేశాను.

బావగారి చేత మంచి కొబ్బరినూనె పంపించు. పుండ్లు మానాక ఫర్హీన్‌కు ఆ లేపనం ఇంట్లోనే చేసిస్తాను. చిన్నాడి దగ్గు తగ్గిందా? అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఉద్యోగం పోయిందని జాలిపడకు. ఆ సరుకు ఇంకెవరి చేతికీ అంటలేదు.

నీ చెల్లెలు,
సాయిప్రియ