ఏఐతో గెలిచిన వాదన

బుధవారం, నంద్యాల ఆసుపత్రి

అన్న కాలి వేళ్లు రెండు తీసేశారు.

నిన్న ఆళ్లగడ్డలో, మా శిల్పాల షెడ్డుకు నంది విగ్రహం కోసం వచ్చిన రాయిని సుత్తితో తట్టి చూశాను. మెడ చెక్కాల్సిన చోట గంటలా మోగలేదు, మొద్దుగా పలికింది. లోపల చీలిక ఉన్నట్టే. అన్నకు చెబితే కసురుతాడని ఫోనులో ఏఐతో వాదనకు దిగాను. శబ్దాన్ని బట్టి చెప్పలేమంది. రాత్రి అన్నం చల్లారిపోయినా నేను పట్టు వదల్లేదు. చివరికి మీరన్నదే సరైనదని ఒప్పుకుంది. తృప్తిగా పడుకున్నాను.

పొద్దున నేను లేచేసరికే అన్న ఉలి పెట్టాడు. రాయి అక్కడే పగిలి ముక్క కాలి మీద పడింది.

ఇందాక మత్తు వదిలాక, చీలిక సంగతి ముందే తెలుసని చెప్పాను.

"తెల్సింటే నాకు యాల చెప్పలేదప్పా?" అన్నాడు.

నేను ఒప్పిస్తూ కూర్చున్నది ఏఐని. రాయి పడటానికి దానికి కాళ్లే లేవు.