బర్మా పైడమ్మ తన రాయదుర్గం ఇంటి గురించి రాయించినది

రాయదుర్గం పట్టణ కాపురస్తురాలు, కీర్తిశేషులు కుళ్ళాయప్ప భార్య, ఊరంతా బర్మా పైడమ్మ అని పిలిచే పైడమ్మ అనే నేను, డెబ్బై ఒకటవ ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. సూదిలో దారం ఎక్కించడానికి నా కళ్ళు సహకరించడం లేదు గానీ, ఎవరికి ఏమి ఇస్తున్నానో, ఎందుకు ఇస్తున్నానో నా మనసుకు స్పష్టంగా తెలుసు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు.

1. ముందుగా ఇల్లు. ఇది నా స్వార్జితం కాదు. మా అత్త మారెక్కది. ఆమె నుంచి నా భర్తకు, ఆయన రాసిచ్చిన దానపత్రం వల్ల నాకు సంక్రమించింది.

నేను రంగూనులో పుట్టాను. నా పదో ఏట అక్కడి ప్రభుత్వం మాలాంటి ఇండియా వాళ్ళను పొమ్మంది. ఓడ ఎక్కేముందు అమ్మ చెవి కమ్మలు కూడా తీసుకున్నారు. అమ్మ విశాఖ శిబిరంలో జ్వరంతో పోయింది. బళ్ళారి వైపు దర్జీ పని దొరుకుతుందని ఎవరో చెబితే నాయన నన్ను తీసుకుని రైలెక్కాడు. రాయదుర్గంలో పట్టాలు అయిపోయాయి గనుక దిగాం.

ఆ ఏడు వాన లేదు. బావులు అడుగంటాయి. కొండ కింది చెలమ నుంచి కడవ మోసుకొస్తున్న మారెక్క మమ్మల్ని చూసి ఆగింది. మాది ఏ ఊరో నాయన చెప్పబోయాడు. "నీళ్ళు తాగేదానికి ఊరేమిటికప్పా? ముందు బిడ్డకు తాపు" అని కడవ వంచింది. సగం మేమే తాగేశాం. ఆ పూట ఆమె ఇంట్లో ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత పశువుల కొట్టం ఊడ్చి మాకిచ్చింది. ఏళ్ళు గడిచాక తన కొడుకునే ఇచ్చింది. నేను సముద్రం దాటిన దాన్ని. అంత పెద్దది మళ్ళీ చూసింది ఆ ఆడమనిషినే.

ఆ కొట్టంలోనే, జీన్స్ కుట్టే పనికి ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చి, బస్సు దిగి ఎటు పోవాలో తెలియక నిలబడిన వాళ్ళకు చోటిస్తూ వచ్చాను. పని దొరికేదాకా అన్నం, పడుకోను ఇంత జాగా, బతకడానికి నాలుగు తెలుగు ముక్కలు.

ఇల్లు, కొట్టం, వంటసామాను మహేశ్వరికి సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. ముదిగుబ్బలో వేరుశెనగ ఎండిపోయిన ఏడు ఆమె కూడా ఇలాగే బస్సు దిగింది. ఇప్పుడు వచ్చే వాళ్ళందరికీ వండిపెట్టేది ఆమే. కొత్తవాళ్ళకు చోటివ్వాలని షరతు పెట్టమని దస్తావేజు రైటరు అన్నాడు. పెట్టను. మారెక్క మాకే షరతూ పెట్టలేదు.

2. నా కొడుకు ఉదయ్ కుమార్‌కు బళ్ళారి రోడ్డులోని ఇంటిజాగా, రంగూను నుంచి పరుపుచుట్టలో దాచి తెచ్చిన మా నాయన కత్తెర. ఈ ఇంటిని వాడు బట్టల గోడౌను చేద్దామన్నాడు. నేను కాదంటే, "అమ్మా, ఇది ఇల్లా, బస్టాండా?" అని అరిచినాడు. బస్టాండే నాయనా. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నీకూ మహేశ్వరికీ కలిపి ఇస్తున్నాను. అలాగైనా మీరిద్దరూ మాట్లాడుకోవాలి.

3. గోడ పక్క సందు కోసం నా మీద కోర్టుకెక్కిన పొరుగింటి ఓబులేసుకు ఆ సందు వదిలేస్తున్నాను. "యాడోళ్ళనో తెచ్చి వీధి నింపుతాండావు" అని నడివీధిలో నన్ను తిట్టిన మనిషి. కరోనా రోజుల్లో కొట్టంలో చిక్కుకుపోయిన వాళ్ళకు గోడ మీద నుంచి చెనక్కాయల మూట దించిందీ అతనే. అడిగితే నేను కాదంటాడు. తిట్టు మరిచిపోలేదు, మూటా మరిచిపోలేదు.

4. మా అమ్మ రంగూనులో చీరకు బదులు కట్టిన పట్టు లుంగీ ఖిన్ మే బిడ్డకు.

పోయిన వేసవిలో కండక్టరు బయ్యన్న పరుగున వచ్చాడు. నిండు గర్భిణి ఒకతె బస్టాండులో బెంచీ పట్టుకుని లేవడం లేదట. హిందీ, కన్నడం ఏదీ ఆమెకు తెలియడం లేదట. "బర్మా దేశమంట. వచ్చి ఒక మాట పలికి చూడవ్వా" అన్నాడు. నాకేమీ గుర్తులేదన్నాను. నాయన పోయినప్పటి నుంచి ఆ భాష పలకలేదు. అయినా వెళ్ళాను. ఆమె ముఖం చూడగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"తమిన్ సాపీబిలా?"

అన్నం తిన్నావా అని. రంగూనులో పొరుగింటావిడ గుమ్మంలో నిలబడి రోజూ నన్ను అడిగిన మాట. ఇన్నేళ్ళు అది నాలో ఎక్కడ ఉందో, ఏం తిని బతికిందో నాకు తెలియదు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, ఇంకా తినలేదని తల అడ్డంగా ఊపింది. టీ అంగడి వాడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆమే ఖిన్ మే. అక్కడి యుద్ధంలో భర్తను పోగొట్టుకుని కొండలు దాటి వచ్చిన మనిషి. నెల తిరక్కుండానే ప్రభుత్వాసుపత్రిలో ఆడపిల్లను కన్నది. కాగితం మీద రాసుకోవడానికి నర్సు కృపాకుమారి, "బిడ్డ యాడ పుట్టిందని రాయల్లవ్వా?" అంది నవ్వుతూ.

రాయదుర్గమని రాయమన్నాను. ఈ కొట్టం చేరిన మా అందరిలో రైలూ బస్సూ దిగకుండా ఈ ఊరికి వచ్చింది ఆ బిడ్డ ఒక్కతే.

చదివించుకుని విని, సరేననుకుని సంతకం చేసినది,
2025 ఆగస్టు 21, రాయదుర్గం.

(సంతకం) పైడమ్మ

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. బయ్యన్న, బస్సు కండక్టరు
2. కృపాకుమారి, స్టాఫ్ నర్సు