తిరగమాత లేని పప్పు

పత్తికొండ, మంగళవారం రాత్రి

ఏసీ వైరు చాలకపోతే మెయిన్ బోర్డులో నేనే ఇంకో ముక్క మెలిపెట్టి టేపు చుట్టాను. వారం నుంచి వంటింటి పక్కన మాడు వాసన వస్తోందని నా భార్య సుజాత చెబుతూనే ఉంది. తిరగమాత మాడ్చేది నువ్వేనని కసిరాను. అప్పటినుంచి పప్పుకు తిరగమాతే మానేసింది. వాసన మాత్రం పోలేదు.

ఈరోజు తనే ఎలక్ట్రీషియన్ మస్తాన్‌ను పిలిపించింది. అతను మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే బోర్డు విప్పాడు. లోపల టేపు కరిగి, వైరు నల్లబడి ఉంది.

"మెలిపెడితే సాలదప్పా, లోడుకు కాలిపోతాది. కనెక్టర్‌లో బిగించల్ల. ఇంగ రెండు దినాలుంటే ఇల్లే అంటుకుంటాండె. ఎవురు సేసినారు?"



"ఎవురో వచ్చి సేసిపోయినార్లే అన్నా," అంటూ సుజాత టీ ఇచ్చింది.

రాత్రి కూడా పప్పు చప్పగానే ఉంది. రేపు తిరగమాత పెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు.