ఎడంచేతి నావకి గవ్వ

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాదు
మంగళవారం

తమ్ముడు సత్తిబాబుకి,

అన్న వీర్రాజు రాస్తున్నాను. దీవెనలు చివర్లో ఉంటాయి. ముందు తిట్టాల్సింది ఉంది. అది రాస్తేగాని చెయ్యి ముందుకి సాగదు.

నేను కాకినాడ ఆసుపత్రిలో కడుపు కోయించుకుని పడుకున్న నెలలో, పాత ఓడల సామాను పోగుచేసే మ్యూజియం వాళ్ళు మన ఊరు వచ్చారు. వాళ్ళకి నువ్వు నావ ఇచ్చేశావు. పెద్ద నావ కట్టేముందు షావుకారుకి చూపించడానికి నాన్న చెక్కిన మూడు మూరల నావ. నేను ఇంటికొచ్చి అటక ఎక్కి చూస్తే దుమ్ములో దాని అడుగు గుర్తు ఉంది, అది లేదు. అడిగితే "ఇచ్చేశాను అన్నయ్యా" అన్నావు. ఇంకో ముక్క లేదు. తొమ్మిదేళ్ళయింది. నీ కూతురి పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళిపోయాను. కోపం దానికే. నువ్వు మర్చిపోయావేమో, నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

సరే. నీ ఒంట్లో ఎలా ఉంది? మోకాలు నొప్పి తగ్గిందా? మరదలు మంగ బాగుందా? సూరమ్మత్త మంచం దిగి నడుస్తోందా? ఇక్కడ మేమందరం క్షేమం. నూకరత్నం బాగుంది. అల్లుడికి రైల్వేలో పని బాగుంది. నా ఆరోగ్యం కూడా బాగుంది, దాని గురించి ఆలోచించొద్దు.

ఫోను చెయ్యొచ్చు కదా నాన్నా అంటుంది నూకరత్నం. తొమ్మిదేళ్ళు మాట్లాడనివాడితో హలో అని మొదలుపెట్టడం నాకు నామోషీ. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వంకరగా ఉంటే నువ్వే సర్దుకుని చదువుకో.

ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలు. గాలిలో తడి ఉండదు. ఒళ్ళు నాకితే ఉప్పగా ఉండదు. మొదటి నెలలో పెదాలు పగిలి రక్తం వచ్చింది. చేపలు ఐసులో పెట్టి అమ్ముతారు. వంజరం అని ఒకటి తెచ్చారు, తిన్నాను. పేరు వంజరం, అంతే. జొన్నరొట్టె మాత్రం బాగుంది, అలవాటైంది. మాట్లాడేవాళ్ళు లేరు. అందరూ మంచివాళ్ళే, కానీ గాలి ఎటు తిరిగిందని ఎవరూ అడగరు. గాలి గురించి మాట్లాడకపోతే పొద్దున్నే ఏం మాట్లాడాలో నాకు తోచదు.

అల్లుడింట్లో ఊరికే కూర్చుని తినడం నా వల్ల కాలేదు. కింది వాటాలో ఉండే యాదగిరి కాపలా పని చేస్తాడు. నన్ను కూడా అక్కడే పెట్టించాడు. రెజిమెంటల్ బజార్ అవతల ఒక పాత హాలు ఉంది. అందులో రెండు నెలలు ఎగ్జిబిషన్. ఏం ఎగ్జిబిషనో తెలుసా? సముద్రానిది! నేను సముద్రం వదిలి ఇంత దూరం వస్తే అది లారీలో ఎక్కి నా వెనకాలే వచ్చింది. నీలం చొక్కా ఇచ్చారు, విజిల్ ఇచ్చారు. ఎవరూ ఏదీ ముట్టుకోకుండా చూడటం నా పని. కుర్చీ ఉంది. కష్టం లేదు.

హాల్లో ఏముందో రాస్తాను. మనిషంత లంగరు ఉంది. మునిగిపోయిన ఓడలోంచి తీసిన కంచు గంట, చైనా పింగాణీ పళ్ళేలు, చుక్కల్ని చూసి దారి కొలిచే ఇత్తడి చక్రం, శంఖాలు, పగడాలు, ముత్యాలు ఉన్నాయి. జనమంతా ముత్యాల దగ్గరే. ఒకామె అద్దానికి ముక్కు ఆనించి, పక్కామెతో అంది: "గివేం ముత్యాలే, చార్మినార్ కాడ ఇంతకంటె మంచియి దొరుకుతయ్!" ఆ పక్కామె అంది: "దొరుకుతయ్ గని, నీ మొగుడు కొనియ్యాలె గద!" లంగరు వైపు ఎవరూ చూడరు. నాకు లంగరు మీదే జాలి.

పనిలో చేరిన మూడో రోజున చివరి గదిలో డ్యూటీ వేశారు. అక్కడ అద్దాల పెట్టెలో నావ ఉంది. మూడు మూరల నావ. మన నావ. టేకు రంగు, ముక్కు దగ్గర ఆ వంపు, నాన్న వంపు. కింద చీటీ మీద "కోరంగి తీరపు నావ, నమూనా. చేసినవారు: తెలియదు" అని రాశారు.

తెలియదా? నాకు కోపం వచ్చింది. మొదట నీ మీద, తర్వాత వాళ్ళ మీద.

ఎగ్జిబిషన్ చూసుకునే మేడమ్ ఉంది, సునీత మేడమ్. చదువుకున్న పిల్ల, మర్యాదగల పిల్ల. తెరచాప తలకిందులుగా కట్టారని చెప్పాను. ఆమె పుస్తకాలు చూసి, "మీరు చెప్పిందే కరెక్ట్ అండీ" అని మార్పించింది. అప్పుడు చెప్పాను, ఇది మా నాన్న చెక్కింది అని. యాదగిరి నవ్వాడు.

"ఏం తాతా, గా గంట గూడ మీ బాపుదేనా? లంగరు మీ తాతదా?"

"నీకు నమ్మకం లేకపోతే తెరచాప కొయ్య పీకించు. దాని పాదం కింద గవ్వ ఉంటుంది. పసుపు రాసి నా చేత్తో పెట్టాను" అన్నాను.

నీకు తెలుసు కదా. నాన్న ఏ నావ కట్టినా, బొమ్మదైనా సరే, కొయ్య నిలబెట్టేముందు దాని గూట్లో గవ్వ ఉండాలి. ఒడ్డున ఏరిన గవ్వ. పెద్దకొడుకు చెయ్యే పెట్టాలి. నీ చెయ్యి ఏనాడూ పెట్టనివ్వలేదు.

నాలుగు రోజులకి మేడమ్ పైనించి అనుమతి తెచ్చింది. నిన్న సోమవారం, ఎగ్జిబిషన్‌కి సెలవు రోజు, అద్దం తీశారు. యాదగిరి, ఇంకో ఇద్దరు కాపలావాళ్ళు, ఊడ్చే ఆమె, అందరూ చుట్టూ చేరారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, పెళ్ళిలో మామగారిలాగ. మేడమ్ తెల్ల గ్లౌజులు వేసుకుని మెల్లగా కొయ్య పైకి లాగింది.

గూడు ఉంది. గవ్వ లేదు.

"ఏందీ తాతా, గవ్వ ఈదుకుంట పోయిందా?" అన్నాడు యాదగిరి. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు, అది ఇంకా బాధ. "పర్వాలేదండీ, చాలా ఇయర్స్ అయింది కదా, ఎక్కడో పడిపోయుంటుంది" అంది. దగ్గరికి వచ్చి చూడండి అని టార్చి ఇచ్చింది.

టార్చి వేసి లోపలికి చూశాను. పైన నూనె పట్టించి నున్నగా చేశారు కాబట్టి అద్దంలోంచి తెలియలేదు. లోపల చెక్క చెక్కిన బాడిస దెబ్బలు అలాగే ఉన్నాయి. నాన్న దెబ్బలు ఎటు వాలతాయో నేను కళ్ళు మూసుకుని చెప్తాను. ఇవి రెండోవైపు వాలాయి. మొదటి పలక నుంచి చివరి పలక దాకా, అన్నీ రెండోవైపే. ఎడంచేతి దెబ్బలు.

మన వంశంలో ఎడంచెయ్యి ఎవరిదిరా?

ఎడంచేత్తో కొడితే పలక చీలుతుందని నాన్న నీ చేతిలో బాడిస లాక్కుని ఉప్పుమడుల్లో పనికి పంపాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. తర్వాత ఎప్పుడో నువ్వు పాకలో సగం చెక్కిన నావ చూపించి, "అన్నయ్యా, ఇది అయ్యాక గవ్వ పెడతావా?" అని అడిగావు. నేను "ఎడంచేతి నావకి గవ్వేంట్రా!" అని నవ్వాను. అది నువ్వు పూర్తిచేశావని నాకు తెలియదు. పూర్తిచేసి, గవ్వ కొలతకి గూడు కూడా చెక్కి, ఖాళీగా ఉంచావు. నీ చేత్తో పెట్టుకోలేదు.

నాన్న నావ అనుకుని ఊరంతటి ముందు గొప్ప చెప్పుకున్నాను. తప్పు నాదే. అది చెప్పడానికి మేడమ్ గది బయట చాలాసేపు నిలబడ్డాను. చివరికి వెళ్ళి చెప్పాను: "ఇది మా నాన్నది కాదమ్మా. మా తమ్ముడిది. నేను పొరబడ్డాను." యాదగిరి అక్కడే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. "తాతా, మీ తమ్ముడు గింత పనోడా?" అన్నాడు. అవును అన్నాను. ఆ మాట ఇంకొకరితో అనడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు అసలు సంగతి. ఎగ్జిబిషన్ ఈ ఆదివారం కాదు, పై ఆదివారంతో అయిపోతుంది. తర్వాత నావ మళ్ళీ పెట్టెలో సర్దుకుని పోతుంది, ఏ ఊరో నాకు తెలియదు. అది కదిలేముందు చీటీ మారుస్తానంది మేడమ్. చేసినవాడు ఒప్పుకోకుండా పేరు రాయకూడదట, నీ నోటితో చెప్పాలట. ఆమె ఫోను నెంబరు, హాలు అడ్రసు వేరే కాగితం మీద నూకరత్నం చేత రాయించి ఇందులోనే పెట్టాను. ఇంటిపేరుతో సహా చెప్పు. సిగ్గుపడి నాన్న పేరు చెప్పావంటే ఊరుకోను.

ఇంకొకటి. మన ఒడ్డున ఒక గవ్వ ఏరి స్పీడు పోస్టులో పంపు. చిన్నది, గూడు నా చిటికెనవేలి గోరంతే ఉంది. ఇక్కడ అద్దాల్లో గవ్వలు బోలెడు ఉన్నాయి, అవి పనికిరావు. మేడమ్‌ని అడిగాను, ఒప్పుకుంది. పసుపు నూకరత్నం ఇస్తుంది. పెట్టేది నేను.

మరి నువ్వు ఇచ్చింది నీ నావైతే, నాన్న నావ ఎక్కడుంది? అటక మీంచి నువ్వే తీసుకెళ్ళి దాచావా, నేను చచ్చిపోతే పాడవుతుందనా? నీ దగ్గరే ఉంటే తొమ్మిదేళ్ళు నోరెందుకు విప్పలేదు? విస్తరి ముందు కూర్చోకుండా నేను వెళ్ళిపోతుంటే ఎందుకు చూస్తూ నిలబడ్డావు? ఏది ఇచ్చావో నేను అడగలేదు, నిజమే. నువ్వు మాత్రం చెప్పకూడదా?

సూరమ్మత్తకి నా నమస్కారాలు చెప్పు, ఆవిడ దీవెన నాకు కావాలి. మంగకి, పిల్లలకి ఆశీస్సులు. నీకు కూడా, రెండు చేతులకీ. ఎండుచేపలు, సావిళ్ళు ఉంటే గవ్వతో పాటు కలిపి పంపొద్దు, వాసనకి పోస్టాఫీసువాళ్ళు విప్పుతారు. వేరే పంపు.

నా ఆరోగ్యం బాగానే ఉంది.

ఈ గురువారం కాదు, పై గురువారం సాయంత్రం లోపల పేరూ రావాలి, గవ్వా రావాలి. శుక్రవారం వస్తే నేను తీసుకోను.

మీ అన్న,
వీర్రాజు